ఫాస్ట్ అనే మాటా, నాన్న ఒక్కపొద్దూ

ఇంగ్లీషులో ఫాస్ట్ అనే మాటంటే నాకు పడదు. ఆ భాష చెప్పుకునే ఇన్నేళ్లు బతికినదాన్ని, ఇలా అనకూడదేమో. అయినా పడదంటే పడదు.

తొంభైల చివర్లో ప్రత్తిపాడులో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరుగా చేరాను. మా ఊరు అక్కడికి దగ్గరే. బస్సు దొరక్కపోతే ఆటోలో వెళ్లేదాన్ని. ఒకే మాటకు రకరకాల అర్థాలు ఉంటాయని చెప్పే పాఠం ఒకటి ఏడో తరగతిలో ఉండేది. అందులో ఈ ఫాస్ట్ కూడా ఉంది. బోర్డు మీద రాసి అర్థం ఏమిటని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "స్పీడు టీచర్!" అని అరిచింది. క్రికెట్ పుణ్యమా అని ఆ అర్థం నేను చెప్పనక్కర్లేకపోయింది. మా స్కూలు గోడ గడియారం ఎప్పుడూ అసలు టైముకంటే ముందుండేది, అదీ ఫాస్టే. చీరాల నుంచి మూట కట్టుకుని వచ్చే చీరలాయన "ఫాస్ట్ కలరమ్మా, ఉతికి చూడండి" అనేవాడు. అక్కడ రంగు పోదని అర్థం. ఒళ్లు తెలియకుండా నిద్రపోతే అదీ ఫాస్టే. ఇవన్నీ చెప్పి, చివర్న ఉపవాసం అని రాశాను. పిల్లలు నమ్మలేదు. తిండి మానేస్తే స్పీడెట్టా వస్తది టీచర్ అని వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు. నాకూ తెలియదు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఉన్న లావుపాటి డిక్షనరీ తిరగేశాను. ఆ మాటకు అన్నిటికంటే పాత అర్థం గట్టిగా, బిగువుగా, కదలకుండా ఉండటమట. పడవను ఒడ్డుకు బిగించి కట్టడం, తలుపు గడియ బిగించడం, అలాంటివి. పట్టిన నియమాన్ని వదలకుండా ఉండటం నుంచి ఉపవాసం వచ్చింది. వదలకుండా గట్టిగా పరిగెత్తడం నుంచి వేగం వచ్చింది. నాకు ముచ్చటేసింది. మనమూ అంతే కదా, నోము పడతాం, దీక్ష పడతాం, నోరు కట్టుకుంటాం. కాకపోతే మనం ఆకళ్లన్నిటినీ ఒకే గంపలో వేయం. దేవుడి కోసం తినకపోతే ఒక్కపొద్దు. లేక తినకపోతే పస్తు. సర్కారు మీద కోపంతో తినకపోతే నిరాహార దీక్ష. ఆ సీజన్లో మండలాఫీసు ముందు టెంటు వేసుకుని, నకిలీ విత్తనాలు అమ్మినవాళ్లను పట్టుకోమని రైతులు వంతులవారీగా దీక్షలో కూర్చునేవాళ్లు. ఇంగ్లీషు పేపరువాడు దాన్నీ ఫాస్ట్ అనే రాశాడు.

మా నాన్నది ఒక్కపొద్దు. కార్తీక సోమవారాలు ఉండేవాడు. అమ్మకు పెద్ద ఆపరేషన్ అయినప్పుడు, ఆమె బతికి ఇంటికొస్తే తను బతికున్నంతకాలం ఉంటానని మొక్కుకున్నాడు. తెల్లారకముందే తలస్నానం, శివాలయంలో దీపం, ఆ తరువాత పచ్చి మంచినీళ్లు కూడా లేవు. సాయంత్రం దీపం పెట్టి, ఆకాశంలో చుక్క చూసి, అప్పుడే భోజనం. నాకు ఈ ఒక్కపొద్దులంటే మొదటి నుంచీ చిరాకు. చాకిరీ చేసేవాడికి ఉపవాసమేమిటని పోట్లాడేదాన్ని. "నీ పాఠాలు నీ పిలకాయలకు చెప్పుకోవే" అని నవ్వేవాడు.

ఆ ఏడు కార్తీకం ముసురుతో వచ్చింది. వాన పడదు, ఎండ కాయదు. రోజుల తరబడి ఆకాశం మూసుకునే ఉంది. అలాంటి వాతావరణం పత్తికి మంచిది కాదని మా ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పచ్చపురుగు దిగింది. కాయ చూస్తే పైకి నున్నగానే ఉండేది, తిప్పితే వెనక రంధ్రం. ఒక మందుకు చావడం లేదని రెండు, మూడు మందులు ఒకే బకెట్లో కలిపి కొట్టడం మొదలుపెట్టారు. ఊరంతా ఆ వాసన పట్టుకుంది. దండెం మీద ఆరేసిన బట్టల్లో అదే, పెరుగులో కూడా అదే వస్తోందని నాకు అనిపించేది. చేలల్లో పిట్టల సందడి ఆగిపోయింది. పొద్దున బస్సెక్కితే ఫలానా ఊళ్లో ఒకాయన మందు తాగాడట అనే కబురు ఉండేది. మొదట్లో జనం చప్పరించి, అయ్యో అనేవాళ్లు. కొన్నాళ్లకు ఏ ఊరు, ఏ ఇల్లు అని మాత్రమే అడిగేవాళ్లు. నాకు ఆ అడగడం చూస్తే భయమేసేది.

రేడియోలో రైతుల కార్యక్రమంలో ఒకాయన రోజూ అవే జాగ్రత్తలు చెప్పేవాడు. గాలికి ఎదురు కొట్టకండి, చేతులకు తొడుగులు వేసుకోండి, ఖాళీ కడుపుతో మందు కొట్టకండి. నాన్న వింటూ బీడీ వెలిగించుకునేవాడు.

ఆ సోమవారం గాలి పడిపోయింది. మందు కొట్టడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. కొట్టే మనుషులు మాత్రం దొరకలేదు, ఊళ్లో అందరి చేలూ ఒకేసారి పురుగుపట్టి ఉన్నాయి. నాన్న తనే పంపు వీపుకు తగిలించుకున్నాడు. నేను స్కూలుకు బయలుదేరుతూ, "ఇవాళ ఒక్కపొద్దు కదా నాన్నా, రేపు కొట్టొచ్చుగా" అన్నాను.

"రేపటికి పురుగు ఆగుద్దా?" అన్నాడు.

"అయితే కాస్త ఏదైనా తిని వెళ్లు. దేవుడేమీ అనుకోడు."

"దేవుడు అనుకోడు. నేను అనుకుంటా." అంతే, వెళ్లిపోయాడు.

ఆ పంపు మూత దగ్గర కారుతుందని అందరికీ తెలుసు. గుడ్డ చుట్టి బిగించేవాళ్లు. మందు బొట్లు బొట్లుగా బనీను మీద పడి, నడుము దాకా తడిసిపోయేది. మామూలు రోజైతే నాన్న మధ్యలో వచ్చి కాలువలో ఒళ్లు కడుక్కుని, చద్ది మూట విప్పుకునేవాడు. ఒక్కపొద్దు నాడు తినేది లేదు కాబట్టి ఆగేది కూడా లేదు. ఎటూ సాయంత్రం దీపానికి ముందు మళ్లీ తలస్నానం చేయాలి, ఒళ్లు అప్పుడే కడుక్కోవచ్చు అనుకున్నాడు. నాజిల్‌లో నలక అడ్డుపడితే మా వాళ్లు నోట్లో పెట్టి ఊదుతారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది గానీ అందరూ అంతే. ఆ రోజు నాన్న అదీ చేయలేదు. నోరు ఎంగిలి అవుతుందని తుమ్మముల్లుతో పొడిచి తీశాడట. పక్క చేలో ఉన్న బాబాయి, అంటే నాన్న తమ్ముడు, తరువాత నాకు చెప్పాడు.

మధ్యాహ్నం దాటాక నాన్న గట్టు మీద కూలబడ్డాడు. బాబాయి మోసుకొచ్చి ఇంటి ముందు నులక మంచం మీద పడుకోబెట్టాడు. అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్లు, దారిన పోయేవాళ్లు, అందరిదీ ఒకటే మాట. "పొద్దున్నించి ఏమీ తిన్లా, కళ్లు తిరిగినయ్." కార్తీక సోమవారం నాడు మా ఊళ్లో ఎవరు పడిపోయినా అదే అంటారు. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి నీరసమేనని సెలైన్ ఎక్కించాడు. మజ్జిగ తాగమంటే నాన్న పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడట. పొద్దు ఇంకా కుంకలేదు. ఆ మందుతో తడిసిన బనీనుతోనే, నేను స్కూలు నుంచి వచ్చేదాకా అలాగే పడుకోబెట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు.

నేను దగ్గరకు వెళ్లగానే వాసన కొట్టింది. నీరసపడ్డవాడికి అంత చెమట పట్టదు. నోటి పక్క నుంచి చొంగ ధారగా కారుతోంది. తొడ కండ చర్మం కింద దానంతట అది ఎగురుతోంది. రెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు మధ్య పాప ఆవగింజంత ఉంది. నాకు వైద్యం తెలియదు, కానీ అది ఆకలి కాదని తెలిసింది. గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు గానీ, ఊళ్లో ఇప్పటికీ ఆ అరుపు గుర్తున్నవాళ్లు ఉన్నారు.

బాబాయి జీపు తెచ్చాడు. గుంటూరు దారిలో వెనక సీట్లో నాన్న తల అమ్మ ఒళ్లో ఉంది. నల్లపాడు దాటుతుంటే చీకటి పడింది. ముసురు అక్కడక్కడా విచ్చుకుని ఒక చుక్క కనిపించింది. అమ్మ కిటికీలోంచి దాన్ని చూసి, గబగబా సీసా మూత తీసింది. "ఏమండీ, చుక్క పొడిచిందండీ. ఇంక తాగొచ్చు. ఒక్క గుక్క తాగండి" అంది. పోసిన నీళ్లు పోసినట్టే బుగ్గ మీదుగా ఆమె చీర మీదికి కారిపోయాయి. మళ్లీ పోయబోతే నేను సీసా లాక్కున్నాను. అప్పటికి గానీ అమ్మ ఏడవలేదు.

గుంటూరులో మేము వెళ్లిన ఆసుపత్రిలో ఆ సీజన్‌కు ఒక వార్డు మొత్తం మందు తాగినవాళ్లతో నిండి ఉంది. మంచాల పక్కన కింద కూర్చున్న ఆడవాళ్లు మా వైపు చూసి, ఏమీ అడక్కుండానే కాస్త జరిగి చోటు ఇచ్చారు. ఆ చోటు ఇవ్వడం నాకు నచ్చలేదు. మేము మీలాంటివాళ్లం కాదని చెప్పాలనిపించింది.

కుర్ర డాక్టరు వచ్చీ రాగానే అడిగింది ఒకటే. "ఎంత తాగాడు?"

"తాగలేదు. మందు కొట్టాడు."

"అందరూ అట్లాగే చెప్తారమ్మా. ఎంత తాగాడో చెప్తే మాకు వీలు."

తెలుగు వినడం లేదని ఇంగ్లీషులో చెప్పాను, పొద్దున్నుంచి ఫాస్టింగ్‌లో ఉన్నాడు, మంచినీళ్లు కూడా ముట్టలేదు అని. ఆ మాట నర్సు పట్టుకుంది. "ఫాస్టింగా? మంచిదే. ట్యూబు వేయడం తేలిక" అంది. వాళ్లకు ఫాస్టింగ్ అంటే పరగడుపు, రక్తపరీక్షకు ముందు ఉండేది. ఆవిడ తప్పేం లేదు. కానీ ఆ క్షణాన గొంతు పట్టుకోవాలనిపించింది.

నాన్న ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. తేటనీళ్లు పోశారు, తేటనీళ్లే వచ్చాయి. డాక్టరు వాటిని వాసన చూశాడు. నాన్న బనీను వాసన చూశాడు. మొదటిసారి నా ముఖంలోకి చూసి, "ఒళ్లంతా సబ్బు పెట్టి కడగండి, వెంటనే" అన్నాడు. అమ్మా నేనూ ఆ వార్డులో, అంతమంది ముందు, నాన్నకు స్నానం చేయించాము. వీపు మీద చర్మం ఎర్రగా కమిలి ఉంది.

విరుగుడు సూదిమందు పడేకొద్దీ చొంగ ఆగింది, చెమట ఆరింది. కానీ ఆ సూదిమందు తలకెక్కి మనిషి మనిషి కాకుండా పోయాడు. ముఖం జేగురు రంగుకు తిరిగింది. కళ్లు ఇంతింత చేసుకుని పైకప్పు చూస్తూ, గాలిలోంచి పత్తి తీయడం మొదలుపెట్టాడు. వేళ్లు సరిగ్గా అలాగే, కాయ పట్టుకుని, గింజతో సహా దూది లాగి, నడుముకు లేని ఒడిలో వేసుకోవడం. ఆపమంటే ఆపడు. సూది ఊడిపోతోందని చేతులు రెండూ గుడ్డపేలికలతో మంచానికి బిగించి కట్టేశారు. డిక్షనరీలో ఫాస్ట్‌కు అన్నిటికంటే పాత అర్థం అదే. కట్టేసిన చేతుల వేళ్లు తెల్లవార్లూ పత్తి తీస్తూనే ఉన్నాయి.

నాన్న బతికాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా కష్టం అక్కడితో అయిపోలేదు.

ఇంటికి తెచ్చిన రోజు నుంచి చూడటానికి జనం రావడం మొదలైంది. బత్తాయిలు తెచ్చేవాళ్లు, హార్లిక్స్ తెచ్చేవాళ్లు. మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఎందుకట్టా చేశావు అన్నయ్యా? ఇంట్లో ఏమన్నా మాటలొచ్చినయ్యా?" అనేవాళ్లు. తాగలేదురా, మందు ఒంటికి పట్టిందని నాన్న చెప్పేవాడు. ఔనౌనని తలలూపేవాళ్లు. ఆ తలూపడం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎవరో పేపరు మనిషి ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చి, మందు డబ్బా పక్కన పెట్టుకుని కూర్చోమన్నాడు. నేను చీపురు తీసుకున్నాను. నిజంగానే తీసుకున్నాను.

పురుగుమందుల కొట్టాయన నాన్నను చిన్నప్పటి నుంచి ఏరా అంటే ఏరా అనుకునే మనిషి. నాన్న తిరగగలిగాక కొట్టుకు వెళితే, మందు లేదన్నాడట. వెనక అలమరనిండా డబ్బాలు కనిపిస్తూనే ఉన్నాయి. "అమ్మాయిని పంపించు, ఇస్తా" అన్నాడట. నాన్న ఇంటికొచ్చి ఆ మాట మాతో చెప్పి, చాలాసేపు కాళ్లకు అంటిన మట్టి రాల్చుకుంటూ కూర్చున్నాడు.

ఇంట్లో వస్తువులు మాయం కావడం అప్పుడే నేను గమనించాను. కొట్టంలో దూలానికి వేలాడే మోకు లేదు. మిగిలిన మందు డబ్బాలు లేవు. గడ్డం గీసుకునే బ్లేళ్లు నాన్న అడిగినప్పుడు అమ్మే తెచ్చి ఇచ్చి, గీసుకోవడం అయ్యేదాకా దగ్గరే నిలబడి, తీసుకుని వెళ్లేది. స్నానాల గదిలో నాన్న కాస్త ఆలస్యం చేస్తే "నీళ్లు చాలినయ్యా అండీ?" అని పిలిచేది. చేలోకి వెళితే ఏదో ఒక వంకతో వెనకే వెళ్లేది. ఆవుకు గడ్డి అనో, వంకాయలు అనో. మిరప తోటలో కూలీలు ఉన్నా సరే, గట్టు మీద కూర్చుని నాన్న వైపే చూస్తూ ఉండేదట. ఎప్పుడూ గలగలా తిట్టే మనిషి, నాన్నతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మెత్తదనం వింటుంటే మా ఇంట్లో ఎవరో చచ్చిపోయారేమో అనిపించేది.

నెలలు అలా గడిచాయి. మళ్లీ పత్తి వేశారు. దసరా వెళ్లిన తరువాత ఒక సాయంత్రం నేను వంటింట్లో పేపర్లు దిద్దుకుంటుంటే అమ్మ వచ్చి ఎదురుగా పీట వేసుకుంది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు."

"ఏందమ్మా?"

"ఆ డాక్టరు నీతో ఇంగ్లీషులో ఏం చెప్పాడే? నాకు తెలియకూడదని చెప్పలేదా? మీ నాన్న తాగాడా?"

ఒక్కపొద్దుకు వంట చేయకుండా దీపపు కుందులు తోమి ఇచ్చిన మనిషి. జీపులో చుక్క చూపించిన మనిషి. పక్కనే నిలబడి ఆ తేటనీళ్లు తన కళ్లతో చూసింది. అయినా ఏడాదిగా ఊరంతా తలూపి తలూపి, ఆమె చూసినదాన్ని ఆమె దగ్గర లేకుండా చేశారు.

"తాగలేదమ్మా. నీ మీద ఒట్టు, తాగలేదు" అన్నాను.

"మరి అందరూ…" అంది. అంటూనే నా వెనక గుమ్మం వైపు చూసి ఆగిపోయింది. నాన్న కాళ్లు కడుక్కుని లోపలికి వస్తున్నవాడు అక్కడే ఆగి ఉన్నాడు. విన్నాడు. ఎంత విన్నాడో ముఖం చూస్తే తెలుస్తోంది. తువ్వాలు తీసుకుని కాళ్లు తుడుచుకుని అవతలికి వెళ్లాడు. ఊరు ఊరంతా అన్నప్పుడు తిట్టుకుంటూ తట్టుకున్నాడు. ఆమె అడిగిందని తెలిశాక నాన్న నడుము వంగినట్టు అనిపించింది. నా మనసుకు అనిపించిందో, నిజంగానే వంగిందో.

మొదటి కార్తీక సోమవారం వచ్చింది. అమ్మ తెల్లవారుజామునే లేచి నీళ్లు కాచింది. నాన్న తలస్నానం చేశాడు. ప్రతి ఏడూ శివాలయానికి బయలుదేరేవాడు, ఆ రోజు వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

"ఒసేయ్, అన్నం పెట్టు" అని పిలిచాడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఇవాళ సోమవారమండీ."

"తెలుసు. రాత్రిది ఉంటే చద్దన్నమే పెట్టు. మామిడికాయ పచ్చడి వెయ్యి."

"మొక్కు కదండీ?"

"పెట్టవే."

ఆమె పెట్టింది. అప్పుడే శివాలయానికి జనం వెళుతున్నారు. ఆడవాళ్ల చేతుల్లో పళ్లాలు, కొంగు చాటున దీపాలు. తడితలలతో, ఖాళీ కడుపులతో వెళుతున్నవాళ్లంతా అరుగు మీద అన్నం తింటున్న నాన్నను చూసి అడుగు తడబడ్డారు. నాన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. "ఏరా, రా, తిందువు గాని! ఏం వదినా, బాగున్నావా?" అని వీధి మొత్తానికి వినపడేలా పిలిచాడు. పెద్ద పెద్ద ముద్దలు కలిపి, ఆకలి లేని మనిషి తినే తీరున, ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతూ తిన్నాడు. తన మాటను ఎవరూ నమ్మడం లేదు కాబట్టి, బతకాలనుకునేవాడిని నేను అని అలా చూపించాడు. చూపించింది ఊరికి కాదు. ఆ ముద్దలన్నీ గుమ్మంలో నిలబడ్డ ఒక్క మనిషి కోసం. ఆ మనిషి కోసం పట్టిన మొక్కునే వదిలేసి తిన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు, దొడ్లోకి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి నాన్న చేయి కడుక్కుని, కండువా భుజాన వేసుకుంటున్నాడు.

"చూశావుగా" అన్నాడు అమ్మతో. కోపంగా కాదు. "ఇంక నా వెనక చేలోకి రామాక. ఎండకు నువ్వు పడిపోతావు."

"రానులెండి" అంది అమ్మ.

నాన్న వీధి మలుపు తిరిగేదాకా ఆమె అరుగు మీదే నిలబడింది. ఎంగిలి పళ్లెం తీసి లోపల పెట్టింది. తరువాత తలకు కొంగు చుట్టుకుని, అలికిడి అవుతుందని చెప్పులు కూడా వేసుకోకుండా, చేల వైపు బయలుదేరింది.